బోర్ల పడనివ్వని గుడ్డ

నా ఫోనులో భాష తెలుగు పెట్టుకున్నాను. ఇంగ్లీషు రాక కాదు, అదొక పట్టుదల. ఆ పట్టుదల వల్ల అప్పుడప్పుడూ తమాషాలు జరుగుతుంటాయి. ఒకరోజు మధ్యాహ్నం మిల్లులో అన్నం డబ్బా మూసి ఫోను చూస్తుంటే 'శిశు నిద్ర భద్రతా చుట్ట' అని ఒక వస్తువు కనిపించింది. మా వైపు చుట్ట అంటే నిప్పంటించి తాగేదే. పసిబిడ్డ నిద్రకు చుట్ట ఏమిటా అని నొక్కి చూశాను. బొద్దుగా ఉన్న ఒక పిల్లవాడు పరుపు మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు. వాడి పొట్ట చుట్టూ వెడల్పాటి గుడ్డ పట్టీ, దాని కొసలు రెండూ పరుపు కిందికి పోయి అక్కడ అతుక్కుని ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ఇది చుట్ట కాదు, చుట్టే గుడ్డ. ఏ యంత్రమో ఇంగ్లీషు మాటను తెలుగు చేయబోయి పొగాకు దాకా వెళ్లింది. నాలో నేనే నవ్వుకున్నాను. బొమ్మ కింద ఇంకో వాక్యం ఉంది. 'మీ శిశువు బోర్ల పడకుండా కాపాడుతుంది.' అది చదివాక నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే అప్పటికి మా పాపకు ఐదో నెల. నెలలు నిండకుండానే పుట్టి, మొదట్లో కొన్నాళ్లు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. ఆ అద్దం మీద వేళ్లు ఆనించి నిలబడిన రోజులు నన్ను ఇంకా వదల్లేదు. ఇప్పుడు బాగుంది, బరువు పెరిగింది, ఏడిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందరికీ నమ్మకం కుదిరింది, నాకు తప్ప.

నా భార్యది యెమ్మిగనూరు. కాన్పుకని పుట్టింటికి వెళ్లి ఇంకా అక్కడే ఉంది. నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో తూకం దగ్గర పని చేస్తాను. పత్తి బండ్లు వరుస కట్టే కాలంలో మాకు ఆదివారం తప్ప సెలవు దొరకదు. బస్సెక్కితే గంటలో బిడ్డ దగ్గర ఉంటాను, కానీ ఆ బస్సెక్కడానికి వారమంతా ఆగాలి. ఆ వారమంతా నాకు రెండే పనులు, పత్తి తూయించడం, భయపడటం.

ఆ భయానికి కొత్త కారణం కూడా ఒకటి తోడైంది. అంతకు ముందు ఆదివారం నేను వెళ్లేసరికి పాప చాప మీద నిద్రపోతోంది. మా అత్తగారిది మగ్గం ఇల్లు. ముందు గదిలో మామగారు నేస్తుంటే, ఆ చప్పుడులో పాప హాయిగా నిద్రపోతుంది. చప్పుడు ఆగితేనే లేస్తుంది. అలికిడి కాకుండా దగ్గరికి వెళ్లి చూశాను కదా, పక్కకు ఒరిగి ఉంది, ముక్కు పక్కనున్న మడత దుప్పటిలో కూరుకుపోయి ఉంది. ఒక్క ఉదుటున ఎత్తుకున్నాను. నిద్ర చెడిన పాప గుక్కపట్టి ఏడ్చింది. దానికేమీ కాలేదు. నేను మాత్రం చాలాసేపు దాన్ని కిందికి దించలేదు.

మా అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడని పాత పద్ధతి మనిషి. నాకు చెప్పాల్సింది ఏదైనా తలుపు వారగా నిలబడి పాపకు చెబుతుంది. ఆ రోజూ అంతే. "మీ నాయనకు సెప్పమ్మా, బిడ్డలు ఇట్లనే పండుకుంటారని. మీయమ్మను నేను సాకలేదా అని అడుగు" అన్నది. నేనూ అదే దారిలో, "మీ అవ్వకు చెప్పమ్మా, ఆ దుప్పటి అవతల పెట్టమని" అన్నాను. పాప ఇద్దరి మాటలూ విని చొంగ కార్చింది.

అత్తగారికి బిడ్డల్ని సాకడం తెలియదని కాదు. పాత పంచె చింపి, ఉతికి ఉతికి మెత్తబడిన ఆ గుడ్డలో పాపను ఆమె చుట్టే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముడి ఉండదు, పిన్ను ఉండదు. ఒక కొస అటు, ఒక కొస ఇటు, మిగిలింది వీపు కింద. అయితే కాళ్లు వంకర పోకూడదని రెండూ చాపి గట్టిగా బిగిస్తుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడుతుంది. ఎందుకు అని అడిగితే "అందరూ పెడ్తారు" అంటుంది. అందరూ చేసేదాన్ని చూస్తే నాకు ముందు అనుమానం వస్తుంది, అది నా పుట్టుక బుద్ధి.

ఆ వస్తువు కనిపించిన రోజు సాయంత్రం ఫోనులో నా భార్యకు బొమ్మ పంపి, "దీని పేరు నిద్ర చుట్ట" అన్నాను. వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "సుట్టనా? బిడ్డకా? ఏమ్మే, మీ ఆయనకు మిల్లులో ఎండ తగిలిందేమో కనుక్కో." నా భార్య పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక బొమ్మను సరిగ్గా చూసి, "ఇదేంది, పత్తి బేలు కట్టినట్ల కట్టినారు?" అన్నది. "కొందామా వద్దా?" అన్నాను. "నువ్వే తెలుసుకోని సెప్పు. తెలుసుకోకుండా నువ్వు ఊరుకుంటావా" అన్నది. వాళ్లమ్మ ఎదురుగా నన్ను మీరు అంటుంది, ఫోనులో మాత్రం నువ్వు.

మా మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లలో పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే ఒకామె ఉంది, పిల్లల తల్లి. ముందు ఆమెకు చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చూసి, "మంచానికి కట్టేసేదా? బిడ్డా, మేకపిల్లా అది?" అన్నది. మరి మీరు చేనికి పోయినప్పుడు ఏం చేసేవాళ్లని అడిగాను. "కొమ్మకు సీర కట్టి బిడ్డను అందులో ఏస్తాం. సీర మూసుకోకుండా మధ్యన పుల్ల అడ్డం పెడ్తాం."

"మూసుకుంటే ఏం?"

"గాలాడొద్దా అప్పా!" అని నన్ను వింతగా చూసింది.

నాకు ఆ పుల్ల నచ్చింది. చీర ఉయ్యాలలు లెక్కలేనన్ని చూశాను గానీ ఆ పుల్ల ఎందుకో ఎప్పుడూ అడగలేదు. అంటే బిడ్డ ఊపిరి గురించి భయం నాకొక్కడికే కాదన్నమాట. కొంచెం ధైర్యం వచ్చి, మీ పిల్లలు నిద్రలో బోర్ల పడతారని భయం ఉండేది కాదా అని అడిగాను. ఆమె చేతిలోని పత్తి కింద పెట్టింది. "బోర్ల పడకుంటే కదా అప్పా భయం! మా సిన్నోడు ఆరో నెల దాటినా పడకుంటే నేను మొక్కని దేవుడు లేడు" అన్నది.

ఇది నేను అనుకోని మలుపు. అప్పటిదాకా పాప బోర్ల పడుతుందేమోనని భయపడ్డాను. ఇప్పుడు పడదేమోనని కూడా భయం పట్టుకుంది. నెలలు తక్కువ బిడ్డ కదా! ఒకే బిడ్డకు రెండు వైపుల నుంచీ భయపడటం నాకే చేతనవుతుంది.

ఇక డాక్టరును అడగక తప్పలేదు. గురువారం మిల్లు పని అయ్యాక ఆదోనిలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, నా వంతు వచ్చేదాకా ఏడ్చే పిల్లల మధ్య వట్టి చేతులతో కూర్చున్నాను. లోపలికి వెళ్లగానే ఆయన నా వెనక్కి చూసి, "బిడ్డ యాడ?" అన్నాడు.

"యెమ్మిగనూరులో ఉంది సార్."

"మరి నువ్వు ఎందుకొచ్చినావు? నీకు సూదేయాల్నా?"

ఫోను తీసి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి బొమ్మను పెద్దది చేసి చూశాడు. పరుపుకు కట్టే పట్టీ తనకు నచ్చదన్నాడు. బిడ్డ కిందికి జారితే పొట్ట మీది పట్టీ మెడ దగ్గరికి రాదని ఎవరు చెప్పగలరు అన్నాడు. ఆ మాటతో దాని సంగతి నా వరకు తేలిపోయింది. కానీ దాని పక్కనే ఇంకో రకం ఉంది, పరుపుతో పని లేకుండా చేతులతో సహా ఒంటికి చుట్టి అతికించేది. అది మా అత్తగారి పంచె గుడ్డకు పట్నం చుట్టం. దాని గురించి అడిగాను. "వదులుగా చుట్టాల. ఛాతీ మీద వేళ్లు దూరాల, కాళ్లు కప్పలాగా ఆడాల. కాళ్లు చాపి బిగిస్తే తుంటి చెడుతుంది. ఎల్లకిలే పండబెట్టాల. పరుపు గట్టిగా ఉండాల, దిండు వద్దు, దుప్పటి కుప్ప వద్దు" అన్నాడు. ఆవాల దిండు గురించి చెబితే, "ఆవాలు పోపులో వేసుకోమను" అన్నాడు. చివరికి వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒకటి గుర్తు పెట్టుకో. బిడ్డ బోర్ల పడేదానికి చూస్తాందంటే, ఆ రోజుతో చుట్టడం బంద్. చేతులు కట్టి ఉంటే బోర్ల పడ్డ బిడ్డ తల తిప్పుకోలేదు."

"ఇంతకీ కొనమంటారా సార్?"

"నీ నిద్ర కోసమైతే కొనుక్కో. బిడ్డ నిద్రకు అది అక్కర్లేదు" అని తరువాతి వాళ్లను పిలిచాడు.

నాకు కోపం రావాలి, రాలేదు. నిజంగానే నా నిద్ర కోసమే కదా ఇదంతా. బయటికి రాగానే నా భార్యకు ఫోను చేసి, దిండు తీసెయ్యమని, దుప్పట్లు అవతల పెట్టమని, కాళ్లు బిగించవద్దని వరసగా చెప్పాను. అన్నిటికీ ఊ కొట్టింది. "పాప బోర్ల పడటానికి ఏమన్నా చూస్తోందా?" అని అడిగాను. అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి "లేదు, ఇంకా లేదు" అన్నది. ఆ మాటకు సంతోషించాలో దిగులు పడాలో తెలియక కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను. సరే, ఇంకా పడలేదు కాబట్టి కొన్నాళ్లయినా పనికొస్తుంది అనుకుని బజారుకు నడిచాను.

పిల్లల బట్టల దుకాణంలో ఉర్దూ కలిపిన తెలుగులో ఒకాయన నాకు రకరకాల చుట్టే గుడ్డలు పరిచాడు. "తీస్కోండి భాయ్, ఏక్‌దమ్ బఢియా మాల్. కట్టినారంటే పిల్ల కదలదు, మెదలదు" అన్నాడు. కదలని పిల్లను తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. "కదిలేది కావాలి భాయ్" అన్నాను. ఆయనకు నా బాధ అర్థం కాలేదు గానీ, కాళ్ల దగ్గర సంచిలా వదులుగా ఉన్నదాన్ని తీసిచ్చాడు. దాని మీద చిన్న చిన్న ఏనుగులు ఉన్నాయి. అతికించే పట్టీని దుకాణంలోనే పదే పదే ఊడదీసి చూశాను. చర్రుమని శబ్దం వచ్చిన ప్రతిసారీ ఆయన ముఖం చిట్లించాడు. డాక్టరు అక్కర్లేదన్న వస్తువును కొని, పండక్కి బట్టలు తీసుకున్నవాడిలా సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం యెమ్మిగనూరులో దిగేసరికి వీధిలో నూలు ఆరేసి ఉంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు చాప వైపు చూశాను. దిండు లేదు, దుప్పటి లేదు. పాప మెలకువగా ఉండి తన పాదాన్ని తానే పట్టుకుని పరీక్ష చేసుకుంటోంది. నా మాట చెల్లినందుకు లోపల గర్వపడ్డాను. నా భార్య పళ్లెంలో నెయ్యి వేసి ఓళిగలు తెచ్చి పెట్టింది. బొబ్బట్లను మా వైపు ఓళిగలంటాం. వేడి చేసి తెచ్చినా అవి ఆ రోజువి కావని తెలుస్తూనే ఉంది.

"ఏం పండగ?" అన్నాను.

"ఊరికే. అమ్మకు సేయాలనిపించింది" అని లోపలికి వెళ్లిపోయింది.

పప్పు నానబెట్టి, ఉడికించి, రుబ్బి చేసేదాన్ని ఎవరైనా ఊరికే చేస్తారా? కానీ నా ధ్యాసంతా సంచిలో ఉన్న ఏనుగుల గుడ్డ మీద ఉంది. రెండు ఓళిగలు తిని, చేయి కడుక్కుని, గుడ్డ తీసి చాప మీద పరిచాను. పాపను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాను. ఇల్లంతా వినేలా డాక్టరు చెప్పినవన్నీ అప్పజెప్పుతూ కాళ్లు సంచిలోకి దించాను. కుడిచేయి పక్కకు చేర్చి గుడ్డ కప్పాను. పాప మూలిగింది. ఎడమచేయి పట్టుకున్నాను.

"అప్పా! దాని సేతులు కట్టొద్దు!"

తలుపు వారగా కాదు, గది మధ్యలోకి వచ్చి నిలబడింది మా అత్తగారు. పాపతో కాదు, నాతోనే అంటోంది. "అది బోర్ల పడతాంది. బుధవారం నుంచి పడతాంది. నువ్వే సెప్తివి కదప్పా, సేతులు కడితే తల తిప్పుకోలేదని!"

మగ్గం చప్పుడు ఆగింది. నా చేయి పాప చేతి మీద అలాగే ఉండిపోయింది. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడి తల దించుకుంది. బుధవారం అంటే నేను డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ముందు రోజు. లేదు, ఇంకా లేదు అని నాతో అన్నప్పటికే పాప బోర్ల పడుతోంది. ఆ ఓళిగలు ఎందుకు చేశారో అప్పుడు తెలిసింది. బిడ్డ మొదటిసారి బోర్ల పడితే చేసే ఓళిగలు అవి. ఎందుకో తెలియకుండానే తినేశాను.

పాప చేతులు విడిపించాను. పట్టీ ఊడదీసినప్పుడు వచ్చిన చర్రుమనే శబ్దానికి పాప కిలకిలా నవ్వింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే ఏం సేస్తావు?" నా భార్య వాళ్లమ్మ ముందే నువ్వు అనేసింది. "ఆదివారం దాకా అన్నం తినవు. గంటకోసారి ఫోను సేసి ఎల్లకిల తిప్పినారా, తిప్పినారా అని అడుగుతావు. నువ్వొచ్చినాక నీ కండ్ల ముందర పడితే, అదే మొదటిసారి అనుకుంటావులే అనుకున్న్యాం."

"నేను దాన్ని కట్టేసి ఊరికి పోయేవాణ్ని" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. అంతదాకా ఆలోచించలేదని ఆ ముఖమే చెప్పింది. నాకు చాలా కోపం వచ్చింది. అయితే ఎవరి మీద కోపమో తేలలేదు. అబద్ధం చెప్పింది వాళ్లే. కానీ సంతోషం చెబితే దడుసుకునే మనిషికి ఎవరైనా ఎలా చెబుతారు?

నా భార్య వచ్చి పక్కన కూర్చుని ఫోను చేతికిచ్చింది. వీడియో ఉంది. పాప ఒక కాలు ఎత్తి పక్కకు వేసింది. నడుము తిరిగింది. చేయి పొట్ట కింద ఇరుక్కుంది. మూలిగి, ఎర్రబడి, ఆ చేయి లాక్కుని, బోర్ల పడి, తల ఎత్తి ఎదుటి గోడను కొత్త ఊరును చూసినట్టు చూసింది. వెనక నుంచి చప్పట్లు, మామగారి "భలే, భలే", నా భార్య నవ్వు. తరువాత అత్తగారి గొంతు, మెల్లగా. "మీ నాయనకు సెప్పొద్దమ్మా. పాపం, బయపడతాడు." ఆ మాటతో నా భార్య నవ్వు కూడా ఆగిపోయింది. వీడియో అక్కడితో అయిపోయింది.

దాన్ని ఎన్నిసార్లు చూశానో తెలియదు. పాప తిరగడం చూద్దామని మొదలుపెట్టి, ప్రతిసారీ ఆ నవ్వు ఆగిన చోటికే వచ్చి ఆగాను. బిడ్డకు ఏమవుతుందోనని నేను భయపడుతుంటే, ఇక్కడ ముగ్గురు పెద్దవాళ్లు నాకేమవుతుందోనని చప్పట్లు ఆపుకున్నారు. సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. మామగారు చూడకూడదని గోడ వైపు తిరిగాను. ఆయన చూడనట్టు మళ్లీ మగ్గంలోకి దిగాడు.

కాసేపటికి నా భార్యతో అన్నాను. "నాకు భయమేస్తుంది. వెయ్యనీ. అది పోయేది కాదు. అయినా నాకు చెప్పు. బోర్ల పడినా, పడి ఏడ్చినా, ముక్కు నేలకు కొట్టుకున్నా చెప్పు. నేను ఫోను చేసి విసిగిస్తే తిట్టు. అంతేగానీ దాచొద్దు." సరేనన్నది. ఏనుగుల గుడ్డను మడిచి పెట్టెలో వేసింది. ఎవరైనా కొనాలా వద్దా అని అడిగితే, అంత వెతికిన నేను చెప్పగలిగింది ఇంతే. ముందు బిడ్డ దగ్గర ఉన్నవాళ్లు మీతో నిజం చెబుతున్నారో లేదో చూసుకోండి, ఆ తరువాతే కొనడం సంగతి.

ఆ రోజంతా చాప పక్కన నేల మీద పడుకుని ఎదురు చూశాను. పాప కాలు ఎత్తేది, నన్ను చూసి నవ్వేది, దించేసేది. "మీ నాయన సూస్తాండాడు, పడమ్మా" అని అత్తగారు బతిమాలింది. ఏం చేసినా పడలేదు. బస్సు వేళ అయింది, వెళ్లిపోయాను.

మరుసటి రోజు తూకం దగ్గర బండిలోంచి పత్తి దించుతుంటే ఫోను మోగింది. నా భార్య పంపిన వీడియో, దానితో పాటు ఒక్క మాట కూడా రాయలేదు. పాప బోర్లా పడుకుని ఉంది, ముఖం చాపకు ఆని ఉంది. వేలు ఫోను చేసే గుర్తు మీదికి దానంతటదే వెళ్లింది. తిప్పండి అని అరవబోయాను, అది ఎప్పుడో అయిపోయిన సంగతి అని తెలిసి కూడా. వేలు వెనక్కి తీసుకున్నాను. పాప మూలిగింది, తల పక్కకు తిప్పుకుంది, మెడ ఎత్తింది. ఈసారి నవ్వులు మధ్యలో ఆగలేదు. బండివాడు తూకం రాయమని కేకేస్తున్నాడు. నేను కళ్లు తుడుచుకుని, ఇంకొకటి పంపమని నా భార్యకు రాశాను.